టీకా వేయించినా ఎపిగ్లాటైటిస్ ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. పోయిన నెల మా అన్నయ్య కూతురికి (7 ఏళ్ళు) పొద్దున గొంతునొప్పి మొదలైంది. సాయంత్రానికి ఉమ్మి కూడా మింగలేకపోయింది. మొదట చూసిన డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు బాగానే ఉందని సిరప్ రాశారు. రాత్రికి ఊపిరాడక కర్నూలు తీసుకెళ్తే ఎపిగ్లాటైటిస్, అంటే ఊపిరి దారి మీదుండే మూత వాచిందని చెప్పి, ఆపరేషన్ థియేటర్లో గొంతులోకి గొట్టం వేశారు. మూడు రోజులు ఐసీయూలో ఉంది. రక్తపరీక్షలో స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ అని వచ్చింది. ఇప్పుడు బాగుంది. తనకు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) మూడు డోసులూ పడ్డాయి. టీకా పడిన పిల్లలకు ఈ జబ్బు రాదని ఇంకో డాక్టరు అంటున్నారు. మరి ఎలా వచ్చింది? మా బాబుకు 4 ఏళ్ళు, మూడు డోసులు వేయించాం. చిన్నపాపకు 8 నెలలు, పని కోసం ఊరు మారడంతో రెండు డోసులే పడ్డాయి. వీళ్ళకు మళ్ళీ వేయించాలా? ఆ రోజుల్లో మేమూ పుట్టింట్లోనే ఉన్నాం, పిల్లలకు మందులేమైనా వాడాలా? గొంతునొప్పి అంటే చాలు మా అమ్మ కొండనాలుక జారిందని వేలితో పైకి నొక్కుతుంది. అది మంచిదేనా?

సమాధానం: అమ్మా, మీ మేనకోడలి విషయంలో టీకా విఫలం కాలేదు. పెంటావాలెంట్‌లో ఈ జబ్బును ఆపే భాగం ఒక్కటే. అది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి, అంటే హిబ్ అనే బాక్టీరియా మీద పనిచేస్తుంది. పాప రక్తంలో దొరికింది ఆ బాక్టీరియా కాదు. స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ అనేది మామూలు టాన్సిల్స్ నొప్పికీ, చర్మం మీద చీముపొక్కులకూ కారణమయ్యేదే. దానికి వాడుకలో టీకా ఏదీ లేదు. 'టీకా పడితే రాదు' అన్న మాట హిబ్ వల్ల వచ్చే ఎపిగ్లాటైటిస్‌కు చాలావరకు నిజమే కానీ, ఎపిగ్లాటైటిస్ మొత్తానికి నిజం కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే టీకా కార్డు చూడగానే ఈ జబ్బు ఆలోచన పక్కకు పోతుంది. దాంతో గుర్తించడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే ప్రమాదం.

ఎపిగ్లాటిస్ అనేది నాలుక మొదట్లో, స్వరపేటికకు పైన, ఆకు ఆకారంలో నిలబడి ఉండే చిన్న మృదులాస్థి. బడి పుస్తకాల్లో ఉపజిహ్విక అని ఉంటుంది. మనం మింగేటప్పుడు అన్నం, నీళ్ళు ఊపిరి దారిలోకి పోకుండా అది వెనక్కి వాలుతుంది. నోరు తెరిస్తే వేలాడుతూ కనబడే కొండనాలుక వేరు, ఇది వేరు. ఇది నాలుక వెనక లోతున ఉంటుంది గనక టార్చి వేసినా మామూలుగా కనబడదు. మొదటి డాక్టరుకు గొంతు బాగానే ఉన్నట్టు అనిపించింది బహుశా అందుకే. పిల్ల నొప్పితో ఉమ్మి మింగలేకుండా ఉంది, లోపల చూస్తే అంత ఎరుపూ లేదు, చీమూ లేదు. నొప్పికీ కనబడేదానికీ పొంతన లేకపోవడమే కాస్త పెద్ద పిల్లల్లో ఈ జబ్బును అనుమానించాల్సిన గుర్తు.

వాపు ఎందుకంత ప్రమాదమో చెప్తాను. ఎపిగ్లాటిస్ మీది పొర నాలుక వైపు వదులుగా ఉంటుంది, స్వరపేటిక వైపు మృదులాస్థికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. వాపు నీరంతా వదులుగా ఉన్న వైపు చేరి, ఎపిగ్లాటిస్‌ను వెనక్కీ కిందికీ, సరిగ్గా ఊపిరి ద్వారం మీదికి నెడుతుంది. పక్కనున్న మడతలూ ఉబ్బుతాయి. దానికి తోడు పిల్లల దారి ఇరుకు. 4 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం లోపల చుట్టూ 1 మిల్లీమీటరు వాస్తే దారి వైశాల్యంలో ముప్పావు వంతు పోతుంది. 8 మిల్లీమీటర్ల గొట్టంలో అదే వాపుకు పోయేది 44 శాతమే. పెద్దవాళ్ళు ఒకటి రెండు రోజులు గొంతునొప్పితో తిరగగలిగితే, పసివాళ్ళు గంటల్లో ప్రమాదంలో పడేది ఇందువల్లే.

ఇప్పుడు ఈ జబ్బు ఎలా మారిందో చూద్దాం. 1980ల దాకా అమెరికా, బ్రిటన్, స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాల్లో ఎపిగ్లాటైటిస్ అంటే ముఖ్యంగా 2 నుంచి 5 ఏళ్ళ పిల్లల జబ్బు. కారణం దాదాపు ఎప్పుడూ హిబ్బే. నిన్నటిదాకా ఆడుకున్న బిడ్డ ఉన్నట్టుండి మండిపోయే జ్వరంతో, చొంగ కారుస్తూ, ముందుకు వంగి కూర్చుని ఆసుపత్రికి వచ్చేవాడు. హిబ్ కలిగించే జబ్బు ఇదొక్కటే కాదు. మెదడు పొరల వాపు, న్యుమోనియా, కీళ్ళలో చీము కూడా దాని పనే. అమెరికాలో 5 ఏళ్ళలోపు పిల్లల్లో హిబ్ తీవ్ర వ్యాధులన్నీ కలిపి ఏడాదికి సుమారు 20,000 వచ్చేవి.

హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాలో ఎ నుంచి ఎఫ్ దాకా రకాలున్నాయని అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ పిట్‌మన్ 1931లో గుర్తించారు. రకాన్ని బట్టి మారేది దాని చుట్టూ ఉండే చక్కెర పొర. బి రకం పొరతోనే చేసిన తొలి టీకా 1985లో అమెరికాలో వచ్చింది. చిక్కేమిటంటే, రెండేళ్ళలోపు పిల్లల శరీరం ఒట్టి చక్కెర పొరను చూసి సరైన ప్రతిరక్షకాలు తయారు చేయలేదు. అంటే టీకా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ దగ్గరే అది పనిచేయలేదు. ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికిస్తే పసిపిల్లల శరీరం కూడా గుర్తుపడుతుందని రేచెల్ ష్నీర్సన్, జాన్ రాబిన్స్ జంట ఒకవైపు, పోర్టర్ ఆండర్సన్, డేవిడ్ స్మిత్ జంట మరోవైపు నిరూపించారు. ఈ నలుగురికీ 1996లో లాస్కర్ అవార్డు వచ్చింది. ఇలా అతికించిన టీకాను కాంజుగేట్ టీకా అంటారు. అది అమెరికాలో 1987లో కాస్త పెద్ద పిల్లలకూ, 1990లో 2 నెలల పసివాళ్ళకూ అనుమతి పొందింది. బ్రిటన్ 1992 అక్టోబరులో మొదలుపెట్టింది. అమెరికా చిన్నపిల్లల్లో హిబ్ తీవ్ర వ్యాధులు 99 శాతం తగ్గాయి. ఈ టీకా ముక్కు, గొంతుల్లో హిబ్ నివాసాన్ని కూడా తగ్గిస్తుంది. అందువల్ల టీకా పడని పిల్లలకూ కొంత రక్షణ దొరికింది.

హిబ్ తగ్గాక మిగిలిన ఎపిగ్లాటైటిస్ రూపు మారింది. సగటు వయసు పెరిగింది. రెండు మూడేళ్ళ పిల్లల కంటే బడి వయసు పిల్లల్లో, అంతకంటే ఎక్కువగా పెద్దవాళ్ళలో కనబడుతోంది. కారణాలు చెల్లాచెదురయ్యాయి. మీ మేనకోడలికి వచ్చిన స్ట్రెప్టోకాకస్, న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ ఆరియస్, చక్కెర పొర లేని హీమోఫిలస్ రకాలు, కొన్నిసార్లు వైరస్‌లు. వీటిలో చాలావాటితో జబ్బు ముదిరే వేగం కొంచెం తక్కువ. కొందరికి ఒకటి రెండు రోజులు మామూలు గొంతునొప్పిలాగే ఉండి, తర్వాత ముదురుతుంది. బాక్టీరియాతో పనిలేని కారణాలూ ఉన్నాయి. సలసలా కాగే టీ, పాలు ఒక్క గుక్కలో తాగడం, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మింగడం, బటన్ బ్యాటరీ ఇరుక్కోవడం వల్ల కూడా ఎపిగ్లాటిస్ ఇలాగే వాస్తుంది. జ్వరం లేకుండా చొంగ, నొప్పి మొదలైతే ముందు ఇవే అడగాలి.

జబ్బు అరుదు కావడం మంచిదే. దాంతోపాటు ఒక ఇబ్బందీ వచ్చింది. గత పాతికేళ్ళలో చదువుకున్న పిల్లల డాక్టర్లలో చాలామంది దీన్ని కళ్ళారా ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఊపిరికి ప్రమాదం తెచ్చే గొంతు జబ్బుల్లో ఇప్పుడు ఎపిగ్లాటైటిస్ కంటే శ్వాసనాళంలో చీము పట్టే బాక్టీరియల్ ట్రేకియైటిస్ ఎక్కువగా కనబడుతోందని విదేశీ ఆసుపత్రుల అనుభవం. అందుకే లక్షణాలు ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండటం ఇదివరకటి కంటే ఇప్పుడు ఎక్కువ అవసరం అంటాను.

మన దేశంలో ఈ కథ కొంత వేరు. టీకా రాకముందు కూడా ఇక్కడ హిబ్ అంటే ప్రధానంగా ఏడాదిలోపు పసివాళ్ళకు వచ్చే మెదడు పొరల వాపూ, న్యుమోనియానే. ఎపిగ్లాటైటిస్ చాలా అరుదుగా నమోదయ్యేది. ప్రభుత్వ టీకాల్లో పెంటావాలెంట్ 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలై 2015 నాటికి దేశమంతా అందుబాటులోకి వచ్చింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ ఈ ఐదింటికీ ఒకే సూది. మన హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ, శాంతా బయోటెక్నిక్స్ వంటి సంస్థలు దీన్ని తయారుచేసి బయటి దేశాలకూ పంపాయి.

ఇక మీ పిల్లల డోసులు.

ఎనిమిది నెలల పాపకు మూడో డోసు 14 వారాలకు పడాల్సింది. ఆలస్యమైంది కదా అని మళ్ళీ మొదటినుంచి వేయనక్కర్లేదు. రెండో డోసు వేసి 4 వారాలు దాటి ఉంటే చాలు, మిగిలిన ఆ ఒక్కటీ వేస్తారు. మీ ఊళ్ళో టీకాల రోజు (ఎక్కువ చోట్ల బుధ, శనివారాలు) ఏఎన్‌ఎం దగ్గరికి కార్డుతో వెళ్ళండి. వేరే ఊళ్ళో వేయించిన డోసులు కార్డులో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. అక్కడే న్యుమోకాకల్ టీకా, అంటే పీసీవీ గడి కూడా చూపించి అడగండి. అది 6 వారాలకు, 14 వారాలకు, తర్వాత 9 నెలలకు వేస్తారు. పెంటావాలెంట్ మూడో డోసు తప్పిన బిడ్డకు 14 వారాల పీసీవీ కూడా తప్పి ఉండే అవకాశం ఎక్కువ. మీకు ఇప్పుడు నిజంగా తొందరపడాల్సిన పని ఇదొక్కటే. బాబు సంగతి ఒక నెల ఆగినా ఫర్వాలేదు, పాప సంగతి ఆగకూడదు.

బాబుకు మూడు డోసులు పడ్డాయి కాబట్టి ప్రభుత్వ లెక్క ప్రకారం హిబ్ టీకా పూర్తయింది. చాలామంది పొరబడే చోటు ఇక్కడుంది. 16 నుంచి 24 నెలల మధ్య సర్కారు ఆసుపత్రిలో వేసే బూస్టర్ డీపీటీ, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలది. అందులో హిబ్ ఉండదు. ప్రైవేటులో వేసే ఐదింటి, ఆరింటి కలయిక బూస్టర్‌లో హిబ్ ఉంటుంది. పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 16 నుంచి 18 నెలల మధ్య హిబ్ బూస్టర్ వేయమని సలహా ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మూడు తొలి డోసులు బూస్టర్ లేకుండానైనా, బూస్టర్‌తోనైనా సరేనంటుంది. హిబ్ ప్రమాదం ఏడాదిలోపు ఎక్కువగా ఉండే దేశాల్లో ఆ మూడు డోసులూ సమయానికి పడటమే ముఖ్యం కాబట్టి.

బూస్టర్ వృథా అని మాత్రం అనుకోకండి. దీనికి బ్రిటన్ అనుభవమే సాక్ష్యం. అక్కడ మొదట 2, 3, 4 నెలలకు మూడు డోసులిచ్చి ఊరుకున్నారు. 1999 నుంచి టీకా పడిన పిల్లల్లోనే హిబ్ మళ్ళీ పెరగసాగింది. పసితనంలో పడిన డోసుల ప్రభావం కాలంతో తగ్గడం, 2000 ప్రాంతంలో కొన్నాళ్ళు వాడిన ఒక కలయిక టీకాలో హిబ్ భాగం బలంగా పనిచేయకపోవడం అందుకు కారణాలుగా తేలాయి. 2003లో 6 నెలల నుంచి 4 ఏళ్ళ పిల్లలకు ప్రత్యేకంగా అదనపు డోసు వేశారు. 2006లో ఏడాది వయసులో వేసే బూస్టర్‌ను మామూలు టీకాల్లో చేర్చారు. జబ్బు మళ్ళీ తగ్గింది.

కాబట్టి నా సలహా ఇది. బాబుకు 5 ఏళ్ళు నిండేలోగా, ఖర్చు పెట్టుకోగలిగితే, పిల్లల డాక్టరు దగ్గర ఒక్క హిబ్ డోసు వేయించండి. కుదరకపోతే దిగులు పడకండి. మూడు డోసులు పడిన ఆరోగ్యవంతుడికి నాలుగేళ్ళ వయసులో హిబ్ ప్రమాదం బాగా తక్కువ. 5 దాటాక ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు హిబ్ టీకా అవసరం ఉండదు. ప్లీహం తీసేసిన పిల్లలు, సికిల్ సెల్ జబ్బున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళ విషయం డాక్టరే చూడాలి. మీ మేనకోడలికి ఇప్పుడు హిబ్ డోసు అక్కర్లేదు.

మందుల సంగతి. ఇంట్లో ఒకరికి హిబ్ జబ్బు వచ్చి, అదే ఇంట్లో డోసులు పూర్తికాని 4 ఏళ్ళలోపు బిడ్డగానీ, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలుగానీ ఉంటే, ఇంట్లో అందరికీ రిఫాంపిసిన్ ఇస్తారు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 600, రోజుకొకసారి, 4 రోజులు. గొంతుల్లో దాగిన హిబ్‌ను తుడిచేయడానికి అది. నెల లోపు పసికందులకూ గర్భిణులకూ డాక్టరు వేరుగా ఆలోచిస్తారు. మీ ఇంట్లో దొరికింది హిబ్ కాదు గనక మీకు రిఫాంపిసిన్ పని లేదు, ఎవరైనా చెప్పారని మందుల షాపులో కొని వేయకండి. నెల గడిచింది కాబట్టి ఆ పాప నుంచి అంటుకుంటుందేమోనన్న భయమూ వద్దు. ఇకముందు ఎవరికైనా జ్వరంతో గొంతునొప్పి వస్తే మామూలుగానే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎలా గుర్తుపట్టాలి.

పిల్లల గొంతునొప్పుల్లో అత్యధికం జలుబు వైరస్‌లవి. ముక్కు కారుతూ, దగ్గుతూ, కాస్త గొణుగుతూనే గంజో పాలో తాగే బిడ్డకు ఎపిగ్లాటైటిస్ ఉండే అవకాశం చాలా తక్కువ. భయపడాల్సిన చిత్రం వేరుగా ఉంటుంది. జ్వరం ఎక్కువగా ఉంటుంది, 102 నుంచి 104 డిగ్రీల దాకా. గంటగంటకూ నొప్పి పెరుగుతుంది. మింగడం మానేస్తాడు, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుస్తాడు. నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు మాట ముద్దగా వస్తుంది, లేదా అసలు మాట్లాడడు. పడుకోబెడితే ఒప్పుకోడు. కూర్చుని, చేతులు ముందుకు ఆన్చి, మెడ చాచి గడ్డం ముందుకు పెట్టి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటాడు. దగ్గు దాదాపు ఉండదు. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వస్తే అది మెల్లగా, గురకలా ఉంటుంది, పైగా ఆలస్యంగా వస్తుంది. చప్పుడు లేదు కదా అని ధైర్యపడకూడదు. చప్పుడు తగ్గుతూ బిడ్డ మత్తుగా అవుతుంటే అది నయం కావడం కాదు, అలసిపోవడం.

దీంతో ఎక్కువగా పొరబడేది క్రూప్ అనే వైరస్ జబ్బు. అది 6 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ. ఒకటి రెండు రోజులు జలుబు చేశాక, రాత్రిపూట కుక్క మొరిగినట్టు దగ్గు, బొంగురు గొంతు, పీల్చేటప్పుడు గట్టి చప్పుడు మొదలవుతాయి. చొంగ కారదు, నీళ్ళు తాగుతాడు. డెక్సామెథసోన్ ఒక్క డోసుతో చాలామందికి కొన్ని గంటల్లో తగ్గుతుంది. దగ్గుంటే క్రూప్ వైపు, చొంగ ఉంటే ఎపిగ్లాటైటిస్ వైపు మొగ్గు అని గుర్తుంచుకోవచ్చు. బాక్టీరియల్ ట్రేకియైటిస్‌లో క్రూప్ లాంటి దగ్గూ ఉంటుంది, తీవ్రమైన జ్వరంతో బిడ్డ డీలాపడిపోవడమూ ఉంటుంది, నెబ్యులైజర్‌కు లొంగదు. గొంతు వెనక చీముగడ్డ అయితే మెడ తిప్పనివ్వడు. ఆడుకుంటూ తింటూ ఉన్నవాడు ఒక్కసారిగా దగ్గి ఉక్కిరిబిక్కిరైతే వేరుశనగ గింజో, సీతాఫలం గింజో ఇరుక్కుందేమో చూడాలి. కంఠసర్పిని మన ప్రాంతంలో మరచిపోకూడదు. అందులో జ్వరం తక్కువ, టాన్సిళ్ళ మీద బూడిదరంగు పొర, మెడంతా వాపు ఉంటాయి. టీకా డోసులు, ముఖ్యంగా డీపీటీ బూస్టర్లు ఎగ్గొట్టిన పిల్లల్లో అది ఇప్పటికీ వస్తోంది.

మీ అమ్మగారు చేసే వైద్యం గురించి గట్టిగానే చెప్పాలి. కొండనాలుక జారడం అనేది జబ్బు కాదు. జలుబులో అది కొంచెం వాచి పొడుగ్గా కనబడుతుంది, నాలుగు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. వేలికి ఉప్పో మిరియాల పొడో రాసి పైకి నొక్కితే మామూలు గొంతునొప్పిలో బిడ్డకు వాంతి, పుండు తప్ప లాభం లేదు. అదే ఎపిగ్లాటైటిస్‌లో అయితే ఆ వేలు ప్రాణం తీయగలదు. నాలుక వెనక తాకగానే బిడ్డ వాంతికి వచ్చినట్టై ఏడుస్తాడు, బలంగా ఊపిరి లాగుతాడు, వాచిన భాగమంతా ద్వారంలోకి గుంజుకుపోతుంది, స్వరపేటిక బిగుసుకుంటుంది. అప్పటిదాకా సన్నగానైనా ఆడుతున్న ఊపిరి ఆ క్షణంలో ఆగిపోవచ్చు. చెంచాతో నాలుక నొక్కి చూడటం కూడా అంతే. డాక్టర్లకు కూడా ఇదే నియమం నేర్పుతారు. ఆమెను నొప్పించకుండా, మన పాపకు జరిగింది చెప్పి ఒప్పించండి. పెద్దావిడ చేతికి వేరే పని కావాలంటే జలుబు గొంతుకు గోరువెచ్చటి నీళ్ళు తాగించడం, ఏడాది నిండిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వడం మంచివి. ఏడాదిలోపు పిల్లలకు తేనె వద్దు.

అనుమానం వచ్చిన క్షణం నుంచి ఏం చేయాలో వినండి. బిడ్డను ఒళ్ళో నిటారుగా, వాడికి ఎలా సుఖంగా ఉంటే అలా కూర్చోబెట్టుకోండి. పడుకోబెట్టవద్దు. పడుకుంటే వాచిన ఎపిగ్లాటిస్ వెనక్కి జారి ద్వారం మూసుకుంటుంది. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. మింగలేడు సరికదా, మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. జ్వరం సిరప్ కూడా బలవంతంగా పోయవద్దు. చొంగ కారనివ్వండి, గుడ్డతో తుడవండి చాలు. ఏడవనివ్వకండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి వెళ్దామని అరగంట పోగొట్టుకోవద్దు. సూది గుచ్చితే వచ్చే ఏడుపే ప్రమాదం, ఆ ఇంజెక్షన్‌తో వాపు దారిలో తగ్గదు.

108కి ఫోన్ చేసి 'గొంతు వాచి ఊపిరాడటం లేదు, చొంగ కారుతోంది, పిల్లవాడిని కూర్చోబెట్టే తీసుకెళ్ళాలి' అని చెప్పండి. అంబులెన్సులో ఆక్సిజన్ మాస్కు ముఖానికి బిగించనివ్వకండి. వాడు విదిలిస్తుంటే తల్లే మాస్కును ముఖానికి కాస్త దూరంగా పట్టుకుంటే సరిపోతుంది. దగ్గరున్న ఆసుపత్రి కంటే సరైన ఆసుపత్రి ముఖ్యం. మత్తు డాక్టరు, ఈఎన్‌టీ సర్జన్, పిల్లల ఐసీయూ మూడూ ఉన్నచోటు కావాలి. మన జిల్లాల్లో అది మామూలుగా మెడికల్ కాలేజీ ఆసుపత్రి. బయలుదేరేటప్పుడే ఎవరైనా ఫోన్ చేసి చెప్తే వాళ్ళు థియేటర్ సిద్ధం చేసుకుంటారు. దారిలో బిడ్డ నీలంగా మారి ఊపిరి ఆగిపోతే అప్పుడు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, నోటితో ఊపిరి ఊదండి. వాపు ఉన్నా ఒత్తిడితో ఊదిన గాలి చాలాసార్లు లోపలికి వెళ్తుంది. చలనం లేకపోతే ఛాతీ నొక్కుతూ ఊదాలి, 30 నొక్కులకు 2 ఊపిరులు. అంబులెన్స్ సిబ్బంది ఉంటే బ్యాగ్, మాస్కుతో ఆ పని వాళ్ళు చేస్తారు.

ఆసుపత్రిలో కూడా మీరు గుర్తుచేయదగిన సంగతులున్నాయి. ఊపిరి దారి భద్రం కాకముందు రక్తం తీయడం, సెలైన్ సూది పెట్టడం, బిడ్డను ఒంటరిగా ఎక్స్‌రే గదికి పంపడం జరగకూడదు. మెడ పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో వాచిన ఎపిగ్లాటిస్ బొటనవేలి నీడలా కనబడుతుంది, నిజమే. కానీ ఊపిరి ఇబ్బంది ఉన్న బిడ్డకు ఆ బొమ్మ కోసం ఆగడం పనికిరాదు. మీ పాపకు చేసినట్టు థియేటర్లో, ముందు మత్తు గాలి పీల్పించి, నిద్రపోయాక సూది పెట్టి, గొట్టం వేయడమే సరైన క్రమం. గొట్టం వయసుకు వాడే దానికంటే అర నుంచి ఒక మిల్లీమీటరు చిన్నది ఎంచుకుంటారు. గొట్టం పోకపోతే మెడకు రంధ్రం చేయడానికి ఈఎన్‌టీ డాక్టరు పక్కనే సిద్ధంగా ఉంటారు. ఆ తర్వాతే రక్తం, గొంతు నమూనాలు, సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్. స్టెఫైలోకాకస్ అనుమానం ఉంటే మరొకటి కలుపుతారు. చాలామందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో గొట్టం తీసేస్తారు, మందు మొత్తం 7 నుంచి 10 రోజులు. ఊపిరి దారి సమయానికి కాపాడితే దాదాపు పిల్లలందరూ కోలుకుంటారు.

మీ మేనకోడలి గురించి మీ అన్నయ్యకు చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. గొట్టం వేసినందువల్ల కొన్నాళ్ళు గొంతు బొంగురుగా ఉండటం మామూలే. నెల దాటినా బొంగురు తగ్గకపోయినా, పరిగెత్తినప్పుడు ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వస్తున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. గొట్టం ఒరిపిడికి శ్వాసనాళం పైభాగం కొన్ని వారాల తర్వాత ఇరుకు కావడం అరుదుగా జరుగుతుంది, దాన్ని ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ కూర్చోకూడదు. ఈ జబ్బు మళ్ళీ రావడం చాలా అరుదు. ఒకవేళ మళ్ళీ వస్తే రోగనిరోధక శక్తి పరీక్షలు చేయించాల్సిందే. డిశ్చార్జి కాగితం, ముఖ్యంగా ఏ బాక్టీరియా దొరికిందో రాసిన రిపోర్టు, ఏ సైజు గొట్టం వేశారో ఉన్న కాగితం, టీకా కార్డుతో కలిపి ఒకేచోట దాచమనండి. రేపు ఇంకే ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ డాక్టరు ముందు అడిగేది అదే.